ఏడు గంటల గీత

2012 ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం సాయంత్రం విశాఖపట్నం చేపల రేవుకు మేము వెళ్లింది ప్రార్థన చేయడానికి. మా సంఘంలోని ఒక యువ సహోదరుడు అప్పు చేసి ఫైబర్ బోటు కొన్నాడు. తొమ్మిది మీటర్ల బోటు, పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. దాన్ని సముద్రం మీదుగా కాకినాడ చేర్చాలి. వేటలో అతని పాలివాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆదివారం ఉదయం కాకినాడ దగ్గర ఒక మత్స్యకార పల్లెలో మేము వాక్యం చెప్పవలసి ఉంది. బోటు ఎలాగూ వెళ్తోంది కదా, మేమూ, మా సంఘ పెద్ద ఒకరూ అందులోనే వెళ్దామన్న ఆలోచన మాదే. పౌలు భక్తుడి సముద్ర ప్రయాణం గురించి ఎన్నోసార్లు బోధించాం గాని, చిన్న బోటులో ఒక పగలంతా తీరం వెంట వెళ్లిన అనుభవం అప్పటికి మాకు లేదు.

ప్రార్థన అయింది. కొబ్బరి బిస్కెట్లు పంచారు. ఇక ఎప్పుడు బయలుదేరదామని అడిగాం. ఆ యువకుడు తన పెదనాన్న వైపు చూశాడు. నలభై ఏళ్లు సరంగుగా పనిచేసిన మనిషి ఆయన. వలల కుప్ప మీద కూర్చుని, మేము ఇచ్చిన ఆరాధన క్రమపత్రికను తిరగేసి, ఖాళీగా ఉన్న వెనకవైపు పెన్సిలుతో ఏదో రాస్తున్నాడు.

‘ఏం పెద్దాయనా, ఎన్ని గంటలు పడుతుంది?’ అన్నాం.

‘అదే లెక్క కడతన్నానండి అయ్యగారూ. నిన్న అడిగితే ఒకటి, ఇయ్యాల అడిగితే ఒకటండి.’

మాకు నవ్వొచ్చింది. దూరం రోజుకోలా మారుతుందా అనుకున్నాం. దూరం మారదు, నిజమే. విశాఖ రేవు నుంచి కాకినాడకు తీరం వెంట సుమారు 75 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, కాబట్టి దాదాపు 140 కిలోమీటర్లు. ఆ బోటు గంటకు ఆరు మైళ్లు పోతుంది. ఎవరు లెక్క కట్టినా పన్నెండున్నర గంటలే వస్తుంది. మేమూ మనసులో అదే కట్టుకున్నాం. కాని మన తూర్పు తీరంలో నీళ్లు నిలిచి ఉండవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. ఫిబ్రవరి వచ్చేసరికి అది తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పోవడం మొదలుపెడుతుంది, మే నెల దాకా అంతే. ఒడ్డున నిలబడి చూసేవాడికి సముద్రం ఒకేలా కనిపిస్తుంది. కాకినాడ వైపు వెళ్లే బోటుకు మాత్రం నవంబరులో ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టూ, మార్చిలో ఎవరో ముందునుంచి తోస్తున్నట్టూ ఉంటుంది.

ఎదురు ప్రవాహం గంటకు ఒక మైలే అనుకున్నా బోటు ముందుకు జరిగేది అయిదు మైళ్లే. అంటే పదిహేను గంటలు. రాత్రి రెండింటికి బయలుదేరితే సాయంత్రం అయిదింటికి చేరతాం. ఫిబ్రవరి చివర్లో సూర్యుడు ఆరు దాటాక అస్తమిస్తాడు. అంటే వెలుతురు ఒక గంట మిగులుతుంది. ఇంజను గంటకు సుమారు రెండు లీటర్లు తాగుతుంది కాబట్టి ముప్ఫయి లీటర్లు కావాలి. పెద్దాయన నలభై పోయించాడు. ‘మూడొంతులు దారికి, ఒక వంతు దేవుడికండి’ అన్నాడు. కానుకల లెక్కలా చెప్పాడని అప్పుడు ముచ్చటపడ్డాం. నిజానికి ఆ పది లీటర్లే మమ్మల్ని వెనక్కి తిప్పిన లెక్కకు మూలమని తర్వాత తెలిసింది.

ఆ కాగితం మీద ఇంకా చాలా ఉంది. పూడిమడక, పెంటకోట, ఉప్పాడ అని ఊళ్ల పేర్లు, ప్రతిదాని పక్కనా చేరవలసిన వేళ, ఒడ్డు నుంచి ఎంత ఎడంగా ఉండాలో బారల్లో లోతు. రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే కొలత బార, సుమారు ఆరడుగులు. మన మత్స్యకారులు లోతును ఇప్పటికీ బారల్లోనే చెబుతారు. లోతు తగ్గుతోందంటే ఒడ్డు దగ్గరపడుతోందని అర్థం. జీపీఎస్ పెట్టె చేతిలో ఉన్నా పెద్దాయన సీసపు గుండు కట్టిన తాడు కూడా పెట్టించాడు. రేవు బయట పెద్ద ఓడలు లంగరేసే చోటునూ, గంగవరం పోర్టుకు వచ్చిపోయే ఓడల దారినీ చీకట్లో ఎలా దాటాలో బాణం గుర్తులు వేశాడు. మధ్యాహ్నం పన్నెండు దగ్గర ‘గాలి’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీంచి దక్షిణపు గాలి లేస్తుంది. అదీ మాకు ఎదురే.

మాకు అర్థం కానిది ఒక్కటే. పూడిమడక దగ్గర కాగితాన్ని అడ్డంగా కోసినట్టు ఒక లావు గీత, దాని పక్కన ‘7’ అని అంకె.

‘ఇదేమిటి?’

‘ఏడు గంటలకి ఈ గీత దాటకపోతే ఎనక్కి వచ్చేద్దామండి.’

‘దగ్గరలో ఉంటే?’

‘దాటకపోతే అన్నానండి.’

పూడిమడక విశాఖ రేవుకు సుమారు 20 మైళ్లు. అంతా అనుకున్నట్టు జరిగితే ఆరింటికి దాటాలి. ఆయన ఒక గంట గడువిచ్చాడు. అయిదు గంటలు నడిచినా ఇరవై మైళ్లు రాలేదంటే బోటు గంటకు నాలుగు మైళ్లు కూడా పోవడం లేదన్నమాట. ఆ చొప్పున మిగతా 55 మైళ్లకు దాదాపు పద్నాలుగు గంటలు. చేరేది రాత్రి తొమ్మిదికి. ఆ వేగానికి మొత్తం డీజిల్ 37 లీటర్లు దాటుతుంది. మధ్యాహ్నం గాలికి వేగం ఇంకా తగ్గితే చీకటి పడ్డాక, తీరానికి ఎడంగా, ఇంజను ఆగిపోతుంది. ఇదంతా ఆయన కాగితం మీద రాయలేదు. గీత ఒక్కటే గీశాడు. ఈ లెక్క తర్వాత బస్సులో కూర్చుని మేము కట్టుకున్నది.

వెనక్కి తిరగడం ఎందుకు, దారిలో ఎక్కడైనా ఆగవచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ప్రతి ఊరూ ఆగే చోటే. సముద్రం మీద అలా కాదు. విశాఖకూ కాకినాడకూ మధ్య పల్లెలున్నాయి గాని చాలావరకు అవి విప్పారిన ఇసుక తీరాలు. కెరటాలను చీల్చుకుంటూ ఒడ్డుకెక్కాలి. అలవాటైన పల్లెవాళ్లు తమ తెప్పలతో, బోట్లతో రోజూ ఆ పని చేస్తారు. కొత్త చోట, గాలి లేచాక, బరువున్న బోటుతో చేస్తే బోర్లాపడడం ఖాయం. పెంటకోట దగ్గర తాండవ నది సముద్రంలో కలుస్తుంది. మ్యాపులో చూస్తే చక్కటి ఆశ్రయం అనిపిస్తుంది. కాని నది మొగలో ఇసుక మేట వేస్తుంది. పాటు వేళ బయటికొచ్చే నీరు లోపలికొచ్చే కెరటాన్ని ఢీకొన్నప్పుడు అక్కడ అలలు గోడల్లా లేస్తాయి. నిశ్చింతగా లంగరు వేసుకోగలిగేది కాకినాడ అఖాతంలోకి వెళ్లాకే. గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అక్కడ సహజమైన అడ్డుకట్టలా నిలిచి పెద్ద కెరటాలను ఆపుతుంది. ఆ అఖాతం నోరు ఉత్తరం వైపు ఉంది. అక్కడ కూడా లంగరేసిన ఓడలూ, వలలూ, మెరక నీళ్లూ ఉంటాయి, పగటి వెలుతురులో వెళ్లడమే మంచిది. అందుకే ఆ సాయంత్రం అయిదు గంటల పట్టింపు.

మంచిరేవులు అన్న పేరు మన సంఘాలవాళ్లకు కొత్త కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో క్రేతు ద్వీపం దక్షిణ తీరాన పౌలు ఉన్న ఓడ ఆగింది అక్కడే. గ్రీకువాళ్లు ఆ చోటిని ఇప్పటికీ కాలి లిమెనెస్ అనే, అంటే అదే అర్థంతో పిలుస్తారు. ఆ అధ్యాయమంతా లూకా ‘మేము’ అంటూ చెప్పుకొస్తాడు. ఒడ్డున కూర్చుని విన్న కథ కాదు, అతనూ ఆ ఓడలోనే ఉన్నాడు. కైసరయ నుంచి బయలుదేరింది అద్రముత్తియ ఓడలో, ఆసియా తీరపు రేవులు తాకుతూ పోయే ఓడ. మూరలో అలెక్సంద్రియ గోధుమల ఓడకు మారారు. గాలి అడ్డురావడంతో రోజులు గడిచిపోయాయి. ఉపవాస దినం కూడా వెళ్లిపోయిందని లూకా రాస్తాడు. అది ప్రాయశ్చిత్తార్థ దినం, సెప్టెంబరు చివరికో అక్టోబరుకో వస్తుంది. ఆ కాలపు రోమా నావికులకు సెప్టెంబరు మధ్య దాటితే ప్రయాణం అనుమానమే. నవంబరు 11 నుంచి మార్చి 10 వరకు సముద్రం మూసినట్టేనని వెగెటియస్ అనే రోమా రచయిత రాశాడు. మనకు ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉంది. వాళ్లది ప్రాణభయంతో పెట్టుకున్న నిషేధం.

మంచిరేవుల్లో జరిగిన చర్చ గురించి మేము చాలాసార్లు బోధించాం. దైవజనుడు వద్దన్నాడు, శతాధిపతి నావికుడి మాటా ఓడ యజమాని మాటా విన్నాడు, నష్టపోయాడు అని. వినే సంఘం తల ఊపుతుంది. బోధించే మాకూ అది హాయిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కథలో మమ్మల్ని మేము పౌలు స్థానంలో పెట్టుకుంటాం. కాని పౌలు అక్కడ మాట్లాడింది కేవలం బోధకుడిగా కాదు. అంతకు ముందే కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తాను ముమ్మారు ఓడ పగిలి శ్రమపడ్డానని, ఒక రాత్రింబవళ్లు సముద్రంలో గడిపానని చెప్పుకున్నాడు. కాలం చూసి, నీళ్లు చూసి మాట్లాడిన మనిషి ఆయన.

అవతలివాళ్లూ మూర్ఖులు కారు. ఆ రేవు శీతకాలం గడపడానికి అనువైనది కాదు. ఫీనిక్సు రేవు పడమరగా, ఒక పగటి ప్రయాణమంత దూరంలోనే ఉంది. మెల్లని దక్షిణపు గాలి వీచింది. కావలసిన గాలే వచ్చింది కదా అనుకున్నారు. లంగరెత్తి ఒడ్డు పక్కనే పోసాగారు. కొద్ది మైళ్ల తర్వాత మతాలా అనే కొస వస్తుంది. అది దాటితే తీరం ఉత్తరానికి మళ్లిపోతుంది, ఓడకు చాటు పోతుంది. ద్వీపపు కొండల మీంచి ఊరకులోను అనే ఈశాన్యపు పెనుగాలి వాళ్ల మీద పడింది. దాటాక గాలి మారితే ఏం చేయాలో ఆ మెల్లని గాలిలో ఎవరైనా అడిగారా? లూకా చెప్పలేదు. 1848లో జేమ్స్ స్మిత్ అనే స్కాట్లండ్ వాడు, స్వయంగా పడవలు నడిపినవాడు, ఈ అధ్యాయం మీద ఒక పుస్తకమే రాశాడు. అలాంటి ఓడ అలాంటి గాలికి రోజుకు సుమారు 36 మైళ్లు కొట్టుకుపోతుందని, కౌద నుంచి మెలితేకు సుమారు 476 మైళ్లని, అంటే పదమూడు రోజులు పట్టాలని లెక్క కట్టాడు. లూకా పద్నాలుగో రాత్రి అంటాడు. ఆ రాత్రి నావికులు గుండు వేసి చూస్తే ఇరవై బారలు, ఇంకొంచెం వెళ్లాక పదిహేను బారలు. వెంటనే వెనకవైపు నుంచి నాలుగు లంగర్లు దించి తెల్లవారడం కోసం కనిపెట్టుకుని ఉన్నారు. 276 మంది ప్రాణాలు ఆ లెక్క మీద నిలిచాయి. మన పెద్దాయన తాడూ, వాళ్ల తాడూ ఒకటే.

శనివారం రాత్రి రెండింటికి బయలుదేరాం. అమావాస్య వెళ్లి మూడు రోజులే కావడంతో చంద్రుడు లేడు. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి, ఇంజను చప్పుడు తప్ప మరేమీ లేదు. లైఫ్ జాకెట్లు వేసుకోమంటే ఉక్కపోతగా ఉందని మా సంఘ పెద్ద పక్కన పెట్టబోయాడు, పెద్దాయన ఊరుకోలేదు. డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం వెనక మెరుస్తూ ఉంది. గంటలు గడుస్తున్నా ఆ దీపం వెనకబడడం లేదేమిటా అని ఒకసారి అనిపించింది, ఆ ఆలోచనను పక్కకు నెట్టేశాం. తెల్లవారింది. టీ తాగాం. ఒక కీర్తన కూడా పాడుకున్నాం. సముద్రం అద్దంలా ఉంది.

ఏడయింది. జీపీఎస్‌లో పూడిమడక ఇంకా మూడు మైళ్లుంది.

పెద్దాయన కాగితం తీశాడు. ఆ యువకుడు మా వైపు చూశాడు. ఆ చూపు మాకు ఇప్పటికీ గుర్తే. సరంగు పెదనాన్నే అయినా బోటు అతనిది, అతనికి మేము కాపరులం. మేము ఏమంటే అదే చేస్తాడు. మేము అన్నది ఇది: ‘మూడు మైళ్లే కదా. ఇంత ప్రశాంతంగా ఉంది. రేపు ఉదయం అక్కడ ఒక సంఘమంతా మనకోసం ఎదురుచూస్తుంది. ప్రభువు పని మీద వెళ్తున్నాం.’

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. ఆ మాటకు ఆ కుర్రవాడు ఏం బదులు చెప్పగలడు? అతని చెయ్యి చుక్కాని మీద అలాగే ఉండిపోయింది. మంచిరేవుల్లో మేము ఇన్నేళ్లూ ఎవరి వైపు నిలబడి బోధించామో, ఆ పొద్దున నీళ్ల మీద నిలబడింది వాళ్లకు ఎదురువైపు. మెల్లని గాలి చూసి కావలసింది దొరికిందనుకున్నవాళ్ల వైపు.

పెద్దాయన మాతో వాదించలేదు. తమ్ముడికొడుకుతో అన్నాడు: ‘మీ నాన్న కూడా ఇంకొక్క రోజే అన్నాడ్రా.’

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎందరో మత్స్యకారులు వేట నుంచి తిరిగిరాలేదు. ఆ కుర్రవాడి తండ్రి వాళ్లలో ఒకడని మాకు తెలుసు. సంఘ రిజిస్టరులో ఆ పేరుంది. కాని ఆ మాట ఆ చోట, నీళ్ల మధ్య, మేము ఎప్పుడూ వినలేదు.

బోటు తిప్పాడు. వచ్చేటప్పుడు అయిదు గంటలు పట్టిన దారి, వెనక ప్రవాహం తోస్తుంటే రెండుంబావు గంటల్లో అయిపోయింది. తొమ్మిదిన్నరకల్లా రేవులో ఉన్నాం. మేము బస్సెక్కి రాత్రికి కాకినాడ చేరుకున్నాం. ఆదివారం ఆరాధన జరిగింది. చెప్పాలని సిద్ధపడిన వాక్యం మాత్రం చెప్పలేకపోయాం, వేరేది చెప్పాం.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. అదే శనివారం మాతోపాటే బయలుదేరిన మరో బోటు, కాస్త పెద్ద ఇంజనుది, చీకటిపడ్డాక కాకినాడకు క్షేమంగా చేరింది. రేవులో చాలా రోజులు మా కుర్రవాణ్ణి ఆటపట్టించారు. పాస్టరుగారిని ఎక్కించుకుని కూడా భయపడ్డావా అని. మధ్యాహ్నం గాలి లేచిన మాట నిజం, రేవు గోడ మీంచి చూస్తే బయట తెల్లటి నురగ కనిపించిందని పెద్దాయన చెప్పాడు. మేము ముందుకే వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? బహుశా మేమూ చేరేవాళ్లమే. చేరి ఉంటే ఆ గీత అబద్ధమయ్యేదా? ఈ ప్రశ్నను ఆయన ముందు పెట్టాం. ‘గీత గీసినప్పుడు మనకి తొందర లేదండి. దాటదామన్నప్పుడు తొందరండి’ అన్నాడు. అంతకుమించి ఆయన వివరించలేదు.

పెద్ద ఓడలకైతే ఇలాంటి ముందస్తు పథకం 2002 జులై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన. రేవు నుంచి రేవు దాకా కాగితం మీద దారి గీసుకోనిదే కదలకూడదు. చిన్న బోట్లను ఎవరు అడుగుతారు? కాని ఇప్పుడు సాధనాలకు కొదవ లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అలల ఎత్తునూ, గాలినీ, ప్రవాహాన్నీ ముందే చెబుతోంది. వాతావరణ శాఖ మత్స్యకారులకు ప్రత్యేకంగా హెచ్చరికలిస్తోంది. ఆపదలో కోస్ట్ గార్డుకు 1554 నంబరుంది. అయితే ఒడ్డుకు దూరమయ్యేకొద్దీ సెల్‌ఫోను పలకదు. బోటులోవాళ్లు ఫోను చేయలేనప్పుడు చేయవలసింది ఒడ్డున ఉన్నవాళ్లు. ఎప్పటికి రాకపోతే చేయాలో వాళ్లకు తెలిసుండాలి. మేము బయలుదేరిన ఆ రాత్రి పెద్దాయన తన కోడలికి చెప్పిన వేళ రాత్రి ఎనిమిది. మేము మాత్రం మా ఇంట్లో ‘రేపు సాయంత్రానికి చేరిపోతాం’ అని మాత్రమే చెప్పి వచ్చాం.

ఆ బోటు తర్వాతి బుధవారం, ఇంకో పది లీటర్లు ఎక్కువ పోయించుకుని, మేము లేకుండా కాకినాడ వెళ్లింది. పెద్దాయన ఇప్పుడు లేరు. క్రమపత్రిక కాగితం ఆ యువకుడి దగ్గరే, ప్లాస్టిక్ కవరులో, ఇంజను పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉంది. బోటు మీద ప్రార్థన చేయమని ఇప్పటికీ పిలుస్తాడు. వెళ్తాం. ప్రార్థన అయ్యాక ఎప్పటికి చేరతావని అడగడం మానేశాం. ఎక్కడిదాకా వెళ్లి తిరుగుతావని అడుగుతాం. అతను మూత ఎత్తి చూపిస్తాడు.